సిరాబుడ్డి మూతోద్ధరణము

మధ్యాహ్నమార్తాండుడు మూడవ అంతస్తు కిటికీ చువ్వలగుండ చొచ్చి, వెలసిన తెరను ధిక్కరించి, కాలొకటి పొట్టిదగుటచే అడుగున అట్టముక్క పెట్టించుకొన్న బల్లపై తన కిరణసేనను మోహరించియుండగా, వంటింట కుక్కరు శంఖారావము సల్పుచుండగా, పక్కవాటాలో ఎవరో గోడకు మేకు దిగవేయుచు రణభేరి మ్రోగించుచుండగా, అంధకారలేపనధురంధరుడును, ప్రేతపిశాచచిత్రణచణుడును, నెలనెలా పాఠకలోకపు నిద్ర చెడగొట్టువాడును, తాను మాత్రము దీపమార్పి పడుకొనుటకు జంకువాడును అగు చిత్రకారుడు, తన బొమ్మల కథలోని ఆఖరి పుటను ముందుంచుకొని కూర్చుండెను.

ఆ పుట సామాన్యమైనదా? మొదటి సంచికలోనే తూటా తగిలి చచ్చిన డిటెక్టివు, చచ్చినంతమాత్రమున డ్యూటీ తీరదని దయ్యమై లేచి, వానలో తడియక, వీధిదీపాల కింద నీడ పడక, ఏడాది పొడుగునా తన హంతకుని తానే వెదకి వెదకి, తుట్టతుదకు వాని కాలరు పట్టుకొను పుట అది. పెన్సిలు పని ముగిసినది. చీకటి నింపవలసిన చోటనెల్ల ఇంటూ గుర్తులు పెట్టబడినవి. వానిపై నల్లసిరా పూయుటయే తరువాయి. నలుపు పడనిదే ఆ దయ్యము దయ్యము కాదు, కోటు తొడుగుకొన్న పెద్దమనిషి మాత్రమే. సాయంత్రములోగా పుట అందకున్న ఆ స్థలమున తలనూనె ప్రకటన వేసి కథకు మంగళము పాడెదనని సంపాదకుడు ఫోనులో శపథము చేసియుండెను. ఏడాది చాకిరీ తలనూనె పాలగునే!

అంతట ఆ వీరుడు కుంచె తడిపి, సిరాబుడ్డి నందుకొని, మూత తిప్పెను. మూత కదలలేదు.

చొక్కా అంచుతో పట్టి తిప్పెను. కదలలేదు. వేడినీళ్ళలో ముంచెను. చెంచాతో చుట్టూ తట్టెను. తలుపుసందున ఇరికించి బుడ్డిని మెలిపెట్టగా తలుపు కిర్రుమన్నదే గాని మూత కిక్కురుమనలేదు. అరచేయి కందిపోగా, రోషారుణనేత్రుడై, టీగ్లాసనుకొని కుంచె కడిగిన నీళ్ళు గుక్కెడు మింగి (ఆ వృత్తిలో ఇది పరిపాటి), బుడ్డినుద్దేశించి యిట్లు గర్జించెను:

“ఓరీ మూతాధమా! నేనెవడననుకొంటివి? శ్మశానములకు గేట్లు తీసినవాడను, మూసిన పెట్టెలనుండి శవములను లేపినవాడను, బ్యాంకు ఇనుపతలుపులను ఒక్క గీతతో పగులగొట్టించినవాడను! అంగుష్ఠమాత్రమగు నీవా నాకడ్డు? మర్యాదగా తిరుగుము, లేదా నీ అంతు చూచెదను!”

గది మూలన కూర్చుని ముందు పుటల మాటల బుడగలలో అక్షరములు దిద్దుచున్న భార్య తలెత్తెను.

“ఏమండీ, బుడ్డితో మాట్లాడుతున్నారా?”

“మాట్లాడటం లేదు. హెచ్చరిస్తున్నా.”

“కొట్టుకెళ్ళి కొత్తది తెచ్చుకోరాదూ?”

“ఆ కొట్టువాడు ఇవాళ తీయలేదు.”

ఈ సంవాదము విని, వంటింటి గుమ్మమున అత్తగారు సాక్షాత్కరించెను. ‘ఈ దయ్యాల గోల నేను చదవను, నాకు కళ్ళు ఆనవు’ అని అందరికీ చెప్పుచు, ప్రతి సంచికను దిండు కింద దాచుకొను మహాసాధ్వి ఆమె.

“అది రాదు అల్లుడుగారూ. నేనే బిగించాను.”

“మీరా? ఎందుకండీ?”

“మూత వదులుగా ఉన్న సిరాబుడ్డిలోంచి దయ్యం బయటికొచ్చిందని మీరే కదా రాశారు! అప్పట్నుంచీ రోజూ బిగిస్తూనే ఉన్నాను. నిన్న ఇటువైపు ఏదో చప్పుడైతే గట్టిగా ఇంకో చుట్టు తిప్పాను. ఇల్లన్నాక జాగ్రత్త ఉండొద్దూ?”

తన కల్పన ఇంతగా నాటుకొన్నందుకు చిత్రకారునికి గర్వమును, అది తన కొంపకే ఎసరు పెట్టినందుకు ఏడుపును ఒక్కమారే వచ్చెను.

“సరే అత్తయ్యగారూ, ఇప్పుడు తీయండి.”

“తీస్తాను. హంతకుడెవరో చెప్పండి.”

చిత్రకారుడు రొమ్ము విరిచి, “ఆకాశము విరిగి మీదపడినను ఆ రహస్యము నా పెదవి దాటదు! కట్టుకొన్నదానికే చెప్పలేదు!” అని ఘోషించెను.

“అవును, చెప్పలేదు,” అని భార్య పుల్లవిరుపుగా అనెను.

ఆ సమయమున ఫోను మ్రోగెను. భార్య తీసి, విని, చేతితో మూసి, “సంపాదకుడుగారు. తలనూనె వాళ్ళు ఆఫీసుకొచ్చి కూర్చున్నారట,” అని చెప్పెను.

ప్రతిజ్ఞ నీరుగారిపోయెను. వీరుడు అత్తగారి చెవిలో, “శవాల గది కాపలావాడు,” అని ఊదెను.

“పోనిద్దురూ! దగ్గితే పడిపోయేలా ఉంటాడు, వాడేం చంపుతాడు? చంపింది శవాలకి ఫోటోలు తీసే అతను కదా!”

“ఎవరు చెప్పారు?”

“మీరే. రెండో సంచికలో దీపం అతనికి ఎడమపక్కనుంది, నీడా ఎడమపక్కకే పడింది. బతికున్నవాడికి నీడ అలా పడుతుందా? అప్పుడే అనుకున్నాను, వీడూ చచ్చినవాడే, దొంగనీడ అతికించుకుని బతికున్నట్టు తిరుగుతున్నాడు, హంతకుడు వీడేనని. ఎంత తెలివిగా పెట్టారండీ!”

చిత్రకారుడు దిగ్గున రెండవ సంచిక తెరచి చూచెను. ఆనాడు జలుబుతో తుమ్ముచు నీడను తప్పువైపు పూసినమాట వాస్తవము. ఎవరి కంటా పడలేదని ఏడాదిగా గుండెలమీద చేయి వేసుకొని నిద్రించుచుండెను. ఇప్పుడా తప్పే, తాను కట్టిన కథకంటె నిటారుగా నిలిచి తనను చూచుచున్నది.

“మిమ్మల్ని పరీక్షించాను అత్తయ్యగారూ,” అనెను.

భార్య దగ్గెను.

అత్తగారు తడిగుడ్డ చుట్టి, మణికట్టు ఒక్కమారు విదిలించగా మూత కిర్రున వదులాయెను. అటుపిమ్మట ఆమె బుడ్డిని అల్లునికందించెను. మిగిలిన అర చుట్టును సాటిలేని పరాక్రమముతో చిత్రకారుడే తిప్పెను.

వినుడు జనులారా! మూత తీయబడినది! కాపలావాడు రబ్బరుతో నిర్దోషిగా విడుదలాయెను. ఆ స్థలమున ఫోటోగ్రాఫరు నిలిచెను. ఇంటూ గుర్తులన్నియు నల్లబడెను. డిటెక్టివుని ప్రేతహస్తము తగిన కాలరునే పట్టెను. భార్య ఆఖరి బుడగలో ఆఖరి మాట దిద్ది, పుట చుట్టి చంకన పెట్టుకొని పరుగుదీసెను. తలనూనె ఓడెను! మొదటే మూత వచ్చియున్న, పాపము, దగ్గుముసలివాడు ఉరికంబమెక్కియుండెడివాడు.

పొద్దువాలుచుండ అత్తగారు వచ్చి, అలవాటుగా మూత పెట్టి బిగించెను. చిత్రకారుడు బుడ్డివంక చూచెను. తాను తలపని హంతకుడు తన చేతిమీదుగానే ఎట్లు వచ్చి ఏడాదిగా ఆ కాగితములపై నిలుచుండెనో ఎంత ఆలోచించినను తోచలేదు. నిజముగనే భయము వేసెను.

“అత్తయ్యగారూ,” అనెను మెల్లగా, “ఇంకో చుట్టు తిప్పండి.”