బీరకాయకు విడాకులు

ఆ పొద్దున పండరి రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి బ్లాగు మొదలుపెట్టడం, రెండోది దుకాణానికి వేళకు పోవడం.

కాశిబుగ్గలో చద్దర్లు, తివాచీలు అమ్మే దుకాణంలో అతను గుమస్తా. గిరాకీకి ఏ రంగు నచ్చితే ఆ రంగే బాగుందనడం ఉద్యోగం. ఇంట్లో భవాని ఏది వండితే అదే బాగుందనడం కాపురం. ఈ రెంటి నడుమ తన సొంత అభిప్రాయాలు లోపలే మురిగిపోతున్నాయని అతనికి కొన్నాళ్లుగా దిగులు. అందుకే ఫోనులో 'పండరి పలుకులు' అని బ్లాగు తెరిచి, తనకు బొత్తిగా గిట్టని బీరకాయ మీద తొలి రచన చేశాడు. బీరకాయ నాకు పడదు అని ఒక్క ముక్కలో రాసేస్తే అది రచన ఎట్లా అవుతుంది? కాబట్టి ఉత్తరంలా, గుండె బరువెక్కేలా ఎత్తుకున్నాడు: "ఇన్నేళ్లూ మొహమాటానికి నిన్ను భరించాను. ఇక నా వల్ల కాదు. మనం విడిపోదాం." బీరకాయ పేరు నాలుగో పేరాలో గాని రాదు. అది సస్పెన్సు. పైన పెట్టడానికి వెతికితే, తను చక్కగా పడ్డ ఫొటో ఒకటే దొరికింది. మరదలి పెళ్లిలో భవానితో దిగినది. అది పెట్టి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో లింకు వేసి, బండెక్కాడు.

గ్రూపులో ఆ ఫొటో, దాని కింద మొదటి మూడు వాక్యాలు మాత్రమే కనిపించాయి. మిగతాది చదవాలంటే లింకు నొక్కాలి. లింకులు నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందని అదే గ్రూపులో రోజూ ఎవరో ఒకరు హెచ్చరిస్తుంటారు. ఎవరూ నొక్కలేదు.

దుకాణం యజమాని రాజమల్లు కూడా దూరపు చుట్టమే. పండరి లోపలికి రాగానే కుర్చీ చూపించాడు.

"కూసో పండరీ. చాయ్ తాగు. పొద్దుగాల నీది చూసిన."

తొలి పాఠకుడు దొరికాడని పండరి చెవులు వేడెక్కాయి. "ఎట్లున్నది సేటూ?"

"ఎట్లుంటది. మనసంత ఎట్లనో అయింది."

ఇంకేం, హృదయాన్ని కదిలించాననుకున్నాడు పండరి.

"ఎన్నడి సంది ఉన్నది ఇది నీ మనసుల?"

"పెండ్లైన కొత్తల సంది. మొహమాటానికి చెప్పకపోతి."

"భవానికి ఎర్కేనా?"

"ఇంక లేదు. చదివినంక ఎర్కైతది."

రాజమల్లు తన చాయ్ గ్లాసు అందుకున్నాడు. "జర నిమ్మళంగ ఆలోచించు. ఇదొక్కటేనా, ఇంకేమన్న ఉన్నయా?"

"చానా ఉన్నయి సేటూ. వారానికొకటి అనుకుంటాన."

రాజమల్లు చేతిలోని చాయ్ కొత్త చద్దరు మీద ఒలికింది. పండరి అది తుడుస్తుండగానే ఆయన వెనక గదిలోకి పోయి, పండరి అత్తగారి ఊరు తొర్రూరుకు ఫోన్ చేశాడు. 'వారానికొకటి' అన్న మాట కూడా ఉన్నదున్నట్టు అందించాడు.

మధ్యాహ్నం భవాని ఫోన్ చేసింది. "ఇంటికి రా" అని పెట్టేసింది. మెచ్చుకోవడానికే అయి ఉంటుందని పండరి దారిలో మిఠాయి కొన్నాడు.

ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. లోపల అత్త రాజవ్వ, కులపెద్ద పోశయ్య, వాళ్ల వెనక తొర్రూరు బలగం.

"మిఠాయి గూడ తెచ్చిండు సూడుండ్రి" అంది రాజవ్వ. "అల్లుడా, నా బిడ్డ నీకేం తక్వ జేసింది?"

కూర సంగతి ఇంతదూరం పోయిందా అని పండరి ఆశ్చర్యపోయాడు. "తక్వ ఏం లేదత్తమ్మా. జర ఎక్వనే అయితాంది. రోజు ఇడిసి రోజంటే ఎవలు తట్టుకుంటరు?"

రాజవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోశయ్య చెయ్యెత్తాడు. "ఆగుండ్రి. పిల్లను గూడ అడగాలె గద. చెప్పు బిడ్డా."

భవాని ఏడవలేదు. జుట్టు ముడి బిగించుకుంది. "నన్ను ఇడిసిపెడ్తడట. పెట్టనీ. నేను గూడ మొహమాటానికే ఊకున్న ఇన్నొద్దులు" అని మొదలుపెట్టింది. "టీవీల వార్తలు చదివేటామె అడిగితె ఈయన సోఫాల కూసోని జవాబు చెప్తడు. చాయ్ జుర్రితె గల్లీ చివర కుక్క లేస్తది. మొన్న పెండ్లిల పండుకోను చద్దరిస్తె, ఒక్క ఉతుకుకే రంగు పోతదని పెండ్లోళ్ల ముంగటనే చెప్పిండు. అది ఈయన దుకాణంల కొన్నదే."

తొర్రూరు బలగం కాసేపు నవ్వు ఆపుకుంది. చద్దరు దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేదు.

పండరికి అప్పటికి గాని విషయం బోధపడలేదు. "నేను ఇడిసిపెడ్తానన్నది నిన్ను గాదే, బీరకాయను" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఫోను తీసి లింకు నొక్కబోతే అందరూ తమ తమ ఫోన్లు జేబుల్లో దాచుకున్నారు. అతను గడగడా చదువుకుంటూ పోయి, నాలుగో పేరాలో "ఓ బీరకాయా" దగ్గర ఆగాడు.

గది చల్లబడింది.

"బీరకాయనా" అంది రాజవ్వ. గొంతులో ఊరట కన్నా నిరాశే ఎక్కువ వినిపించింది.

భవాని మొగుడి వైపు తిరిగింది. "వద్దంటె వండకపోదునా" అంది మెల్లగా. పండరికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. పైగా ఇంతమంది శ్రోతలు మళ్లీ దొరకరు. గొంతు సవరించుకున్నాడు. "ఇగ అయిదో పేరాల పీచు గురించి..."

"నువ్వు జర ఆగు నాయినా" అన్నాడు పోశయ్య, మిఠాయి పెట్టె విప్పుతూ. "బిడ్డా, నువ్వు చెప్పు. చద్దరు సంగతి చెప్పంగనే ఆ పెండ్లోళ్లు ఏమన్నరు?"

భవాని కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దుగూకినా ఆటో కదలలేదు.

ఆ నెల తిరక్కముందే బ్లాగు పేరు 'భవాని బాతాఖానీ' అయింది. తొర్రూరు నుంచి ఏటూరునాగారం దాకా చుట్టాలందరూ దాని కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె చెబుతుంది, పండరి టైపు చేస్తాడు. నడుమ కల్పించుకోనంతసేపు అతని తెలుగు బాగానే ఉంటుందని ఆమె అభిప్రాయం.