కనకయ్య కోరికలకు మూడు తనిఖీలు

బకెట్ లిస్టు లేని మనిషికి రేషన్ కార్డు ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఓటు హక్కు సంగతి తర్వాత ఆలోచిద్దాం. ముందు బియ్యం ఆపేస్తే వాళ్లే దారికొస్తారు!

నవ్వకండి. చచ్చేలోపు చేయాల్సిన పనులేమిటో రాసిపెట్టుకోని మనిషి చచ్చేలోపు ఏం చేస్తాడు? ఊరికే బతుకుతాడు. ఇంతకు మించిన బాధ్యతారాహిత్యం ఇంకేముంటుంది?

మా జగిత్యాలలో నా దోస్తు లింగన్న వంద కోరికలు రాసి, ఫ్లెక్సీ కొట్టించి ఇంటి గేటుకు కట్టాడు. ఇప్పుడు వీధిలో ఎవరూ అతన్ని ఆరోగ్యం గురించి అడగరు. నలభై మూడోది ఎందాక వచ్చిందని అడుగుతారు. కోరుట్లలో ఒక పెళ్లికొడుకు శుభలేఖ వెనకాల తన లిస్టు అచ్చేయించాడు. అందులో పెళ్లి పద్దెనిమిదోది, గోవా పదిహేడోది. మల్లాపూర్ నుంచి దుబాయ్ వెళ్లిన సాయిలు తన లిస్టును వాట్సాప్ గ్రూపులో పెడితే, గ్రూపు ఓటింగ్ పెట్టి 'ఒంటె ఎక్కడం' తీసేసి 'విమానంలోంచి దూకడం' చేర్చింది. సాయిలుకు నిచ్చెన ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. అయినా మెజారిటీ మాట మెజారిటీ మాటే కదా!

ఇందులో ఉన్న సుఖం మీరు గమనించారా? మనకేం కావాలో మనమే తేల్చుకోవాల్సిన బాధ తప్పింది. పదిమంది చూస్తారు, పదిమంది దిద్దుతారు, పదిమంది టిక్కు పెడతారు. మనం మధ్యలో ఫొటోకు నిలబడితే చాలు.

ఇదంతా అమెరికావాళ్ల పిచ్చి అని కొందరు పెద్దమనుషులు ఈసడిస్తున్నారు. నేను ఖండిస్తున్నాను! ఒకరి కోరికల జాబితాను పదిమంది కలిసి దిద్దే సంప్రదాయం ముప్పై ఏళ్ల కిందటే మన దగ్గర ఉంది. సాక్ష్యం కావాలా? అప్పుడు సిరిసిల్లలో ఉన్న మా మేనమామ కనకయ్యే సాక్ష్యం.

కనకయ్య అప్పట్లో ఒక సేటు దగ్గర సాంచలు నడిపేవాడు. సాంచలంటే మరమగ్గాలు. అవి నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. కార్మికులు సైగలతోనే బీడీ అడుక్కుంటారు, సైగలతోనే తిట్టుకుంటారు. నోరు విప్పి మాట్లాడుకోవాలంటే కరెంటు పోవాలి. అది పోగానే షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి, అందరూ గడప మీదికొచ్చి కూర్చుంటారు. సిరిసిల్లలో ఎన్ని పెళ్లి సంబంధాలు కుదిరాయో, ఎన్ని యూనియన్లు చీలాయో అన్నీ కరెంటు పోయినప్పుడే.

తొంభై ఒకటి ఎండాకాలంలో అలాంటి ఒక కోతలో, పక్క సాంచల మీద పనిచేసే దేవదాస్ ఒక మాట అడిగాడు.

"కనకన్నా, పొద్దుందాక నేసుడే గదా. అసలు నీకేం కావాలె?"

ఇంత పెద్ద ప్రశ్న కనకయ్యను అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆయన ఆలోచనలో పడ్డాడు. నూలు కట్టకు అంటించి వచ్చే రంగు చీటీ ఒకటి కింద పడివుంటే తీసి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు. కరెంటు వచ్చేసరికి ఆరు కోరికలయ్యాయి. సముద్రం చూడాలి. చేతికి గడియారం కొనుక్కోవాలి. ఎర్రంగీ తొడుక్కోవాలి. మైకులో పాట పాడాలి. గుట్టల్లోకి వెళ్లి చెట్టు మీది సీతాఫలాలు కడుపునిండా తినాలి. సొంతానికి నాలుగు సాంచలు పెట్టుకోవాలి.

ఆ చీటీ జేబులో పెట్టుకున్నాక నెల రోజులపాటు కనకయ్య నడకే మారిపోయింది. దారం తెగితే చిరాకు పడడం మానేశాడు. రాధమ్మ, అంటే మా అత్త, ఆయనకు గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించింది.

చెల్లెలు బాలమణిని చూడ్డానికి కోరుట్ల బస్సెక్కిన రోజు కూడా ఆ చీటీ జేబులోనే ఉంది. దారిలో ఒక ఠాణా ముందు పోలీసులు బస్సు ఆపి అందర్నీ దించారు. ఆ ఠాణా పేరు చెప్పను. ఇప్పుడక్కడ ఉన్న ఎస్సై నా కాలమ్ చదువుతాడని విన్నాను. ఆ రోజుల్లో నక్సలైట్ల కోసం ఇలా దించి వెతకడం మామూలే. చేతులు పైకెత్తాలి, జేబులు చూపించాలి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఎందుకు పోతున్నావో చెప్పాలి. కనకయ్య జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె, ఆరు కోరికలు బయటపడ్డాయి.

అప్పటి ఎస్సై చీటీ చదివాడు. మళ్లీ చదివాడు. కుర్చీ తెప్పించుకుని కూర్చుని మూడోసారి చదివాడు.

"ఎర్రంగీ ఎందుకురా?"

"తెల్ల బట్ట నేసి నేసి కండ్లు తెల్లవడ్డయి సారూ."

"గుట్టలల్ల సీతాఫలాలా? గుట్టలల్ల నీకు ఎవలు వెడ్తరు?"

"చెట్టు వెడ్తది సారూ."

"గడియారం దేనికి? ఏ టైముకు ఎవల్ని కలువాలె?"

కనకయ్యకు నిజంగానే భయం వేసింది. తన కోరికలు ఇంత ప్రమాదకరమైనవని రాసేటప్పుడు ఆయనకు తెలియదు. మైకులో పాట అన్నచోట ఎస్సై గొంతు మరీ గట్టిపడింది. ఏం పాటో అక్కడే పాడి వినిపించమన్నాడు. బస్సు పక్కన నలభై మంది ప్రయాణికులు చేతులెత్తి నిలబడి ఉండగా కనకయ్య కొండగట్టు అంజన్న భజన అందుకున్నాడు. చేతులు ఎలాగూ పైనే ఉన్నాయి కాబట్టి ఇద్దరు ముసలమ్మలు భక్తిగా దండం పెట్టారు. ఒక రకంగా కోరిక తీరినట్టే, మైకు ఒక్కటే తక్కువ!

ఎస్సై ఎర్ర పెన్సిల్ తీసి అంగీ, గడియారం, పాట, సీతాఫలాలు కొట్టేశాడు. సముద్రం దగ్గర కాసేపు ఆగి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టాడు. నాలుగు సాంచలు మాత్రం ఆయనకు బాగా నచ్చాయి. "మనిషన్నంక గిట్ల కోరుకోవాలె" అని మెచ్చుకుని చీటీ తిరిగి ఇచ్చాడు. దాంతోపాటు ప్రతి ఆదివారం ఠాణాకు వచ్చి సంతకం పెట్టిపొమ్మన్నాడు.

ఇప్పుడు చెప్పండి. కోరికలు కొలిక్కి రావాలని నేడు మనం నెలనెలా కోచ్‌లకు ఫీజులు కడుతున్నాం. కనకయ్యకు ప్రభుత్వం వారం వారం ఉచితంగా ఫాలో అప్ ఏర్పాటు చేసింది!

నాలుగు ఆదివారాలు ఆయన సంతకం పెట్టి వచ్చాడు. సంతకం అర నిమిషం, దానికి పోనురాను పూటంతా. ఊళ్లో జనం ఆయన్ని చూసి మాట మార్చడం మొదలుపెట్టారు. వారం వారం ఠాణాకు వెళ్లే మనిషిని ఆ రోజుల్లో ఏమనుకుంటారో, ఇన్‌ఫార్మర్‌గా పేరుపడ్డవాళ్లు ఏమవుతారో ఆయనకు తెలుసు. రాధమ్మకూ తెలుసు. ఆదివారం వస్తే ఆమెకు అన్నం సయించేది కాదు. ఆయన గడపలోకి వచ్చేదాకా తలుపుకే ఆనుకుని నిలబడేది.

ఐదో ఆదివారం పట్టపగలు, బస్సు దిగిన చోట ఇద్దరు ఎదురొచ్చి, "కనకన్నా, జర మాట్లాడాలె, రా" అని మర్యాదగా పిలిచారు. అప్పట్లో మర్యాదగా పిలిస్తేనే ఎక్కువ భయం. ఒక మామిడితోటలోకి తీసుకువెళ్లారు. అక్కడ భుజానికి తుపాకీ తగిలించుకున్న దళం నాయకుడొకాయన చెట్టుకింద కూర్చుని ఉన్నాడు.

"ఆదివారం ఆదివారం ఏడికి పోతున్నవన్నా? ఏం జెప్పివస్తున్నవ్?"

కనకయ్య చీటీ తీసి ఇచ్చాడు. నాయకుడు చదివాడు. కుర్చీ లేదు కాబట్టి చెట్టుకు ఆనుకుని మళ్లీ చదివాడు. ఇందుకోసమే సంతకాలని తెలిశాక తోటలో నవ్వులు వినిపించాయి. కనకయ్యకు ప్రాణం లేచివచ్చింది.

కానీ ఇంత మంచి చీటీ చేతికొచ్చాక ఊరికే తిరిగి ఇస్తారా? ఎర్రంగీ కొట్టేసినందుకు ఆయన చాలా నొచ్చుకున్నాడు. నాలుగు సాంచల దగ్గర మాత్రం నొసలు ముడిచాడు.

"నాలుగు సాంచలు వెడితె నలుగురిని పనికి వెట్టుకుంటవ్. గప్పుడు నువ్వు సేటువైతవ్. గిది దోపిడీ అన్నా."

నీలి పెన్నుతో సాంచలు కొట్టేశాడు. సముద్రం గురించి ఎంతో ఓపికగా వివరించాడు. సముద్రం ఎక్కడికీ పోదు, సమాజం మారాక అందరం కలిసే చూడొచ్చు, అప్పటిదాకా ఆగమన్నాడు. ప్రశ్న గుర్తు ఉన్నచోట అడ్డగీత వచ్చింది.

ప్రపంచంలో ఇంత శ్రద్ధగా రెండు వైపులా ఆడిట్ అయిన బకెట్ లిస్టు మరొకటి ఉందా? ఒకరికొకరు కనపడితే కాల్చుకునే రెండు పక్షాలు ఒకే కాగితం మీద పనిచేసి, ఆరింటికి ఆరూ పూర్తిచేశాయి! అంతటి ఐకమత్యం ఆ పదేళ్లలో మరే విషయంలోనూ కనపడలేదు.

ఇంటికొచ్చి కనకయ్య చీటీని రాధమ్మ చేతిలో పెట్టాడు.

"పోనీ తియ్. గిప్పుడు నీకేం కావాలె మరి?" అందామె.

"ఏడికి వోతున్నవ్ అని ఎవ్వడు అడుగకుంట ఒక్కనాడు బస్సెక్కాలె రాధా. గంతే."

దాన్ని ఆయన కాగితం మీద రాయలేదు. రాధమ్మ చీటీని పొయ్యిలో పెట్టింది. కొన్నాళ్లకు ఆ ఎస్సై బదిలీ అయ్యాడు, సంతకాలు ఆగిపోయాయి.

తర్వాత కాలం మారింది. ఇప్పుడు కనకయ్యకు డెబ్బై నిండాయి. ఎర్రంగీలు మూడున్నాయి, గడియారం ఉంది. రాధమ్మ నాలుగేళ్ల కిందట పోయింది. ఆయన జగిత్యాలలో బిడ్డ దగ్గర ఉంటున్నాడు. డెబ్బయ్యో పుట్టినరోజుకు మనుమరాలు తాతకు యాభై కోరికల బకెట్ లిస్టు తయారుచేసి ఫోనులో ఎక్కించింది. మొదటిది సముద్రం. దాంతోపాటు లైవ్ లొకేషన్ కూడా పెట్టింది. తాత గల్లీ చివర హోటల్లో చాయ్ తాగుతున్నా బిడ్డ ఫోనులో, అల్లుడి ఫోనులో, మనుమరాలి ఫోనులో చుక్క కదులుతుంది. వెంటనే ఫోను మోగుతుంది.

"బాపూ, ఏడికి వోతున్నవే?"

చూశారా, ఎంత ప్రేమ! ఎస్సై వారానికోసారి అడిగేవాడు, దళం ఒకేసారి అడిగింది. ఇంట్లోవాళ్లు గంటకోసారి అడుగుతారు. ప్రగతి అంటే ఇదే కదా.

పోయిన నెలలో ఒక బుధవారం పొద్దున ఆ చుక్క కదలడం మానేసింది. రెండు గంటలు చూశారు, మూడు గంటలు చూశారు. చివరికి ఫోను బియ్యం డబ్బాలో దొరికింది. బిడ్డ ఏడుపు అందుకుంది. అల్లుడు బస్టాండుకు పరుగెత్తాడు. మధ్యాహ్నానికి తెలిసిందేమిటంటే, ఎర్రంగీ వేసుకున్న ఒక పెద్దమనిషి ఏదో బస్సెక్కాడు. కండక్టర్ వచ్చి, "ఏడికి పెద్దమనిషీ?" అని అడిగాడట.

ఆలోచించండి, ముప్పై ఏళ్లు దాచుకున్న కోరిక! ఎవరూ అడగకూడదనుకున్న ఆ ఒక్క మాటే కండక్టర్ అడిగాడు. పాపం, అది అతని ఉద్యోగం. కనకయ్య పైసలు తీసి ఇచ్చి, "బస్సు ఎందాక పోతదో గందాక ఇయ్యి" అన్నాడట. కండక్టర్ మారు మాట్లాడకుండా టికెట్ కొట్టి ముందుకు వెళ్లిపోయాడు. కారణం అడగలేదు, పేరు అడగలేదు, జేబు చూడలేదు.

సాయంత్రానికి కనకయ్య ఇల్లు చేరాడు. అంగీ ముందంతా సీతాఫలాల రసం. ఇంటిల్లిపాదీ చుట్టుముట్టి ఎక్కడికి పోయావని అడిగారు. ఆయన నవ్వి స్నానానికి వెళ్లాడు.

పాఠకులారా, బకెట్ లిస్టు గొప్పదనానికి ఇంతకంటే నిదర్శనం నాకు దొరకదు కాబట్టి, మరునాడే కాగితం పెన్ను పట్టుకుని మామ దగ్గర కూర్చున్నాను. ఎక్కడ దిగావు, ఏ గుట్టకు పోయావు, ఎవరితో మాట్లాడావు, పాట ఏమైనా పాడావా అని వరుసగా అడిగాను. కాలమ్‌కు వివరాలు కావాలి కదా!

ఆయన నా చేతిలోని కాగితం వంక చూశాడు. పెన్ను వంక చూశాడు.

"ఎర్ర పెన్సిలా, నీలి పెన్నా?" అన్నాడు.

నా పెన్ను నల్లది. మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.