కుట్టుమిషను జోల

నాలుగు కిలోల మనిషికి భయపడి ఇద్దరు పెద్దవాళ్లు మునివేళ్ల మీద నడవడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మా ఇంటికి రండి. కాలింగ్ బెల్ మాత్రం ముట్టుకోకండి.

మా పాప పుట్టి నలభై రోజులైంది. నేను టైలరుని. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. ఈ నలభై రోజుల్లో మా ఆవిడ వరసగా రెండు గంటలు కన్ను మూసింది లేదు. ఆ రోజు దువ్వెన మీద టూత్‌పేస్టు పెట్టుకుంది. చూసి నా ప్రాణం ఉసూరుమంది.

"మధ్యాహ్నం నువ్వు హాయిగా పడుకో. పాపను నేను నిద్రపుచ్చుతాను," అన్నాను.

"మీరా?"

"పది నిమిషాల పని."

"ఫ్యాను బాగుచెయ్యడం కూడా పది నిమిషాల పనే అన్నారు."

"అది ఫ్యాను. ఇది నా కూతురు."

"అందుకే నా భయం," అంటూనే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఎత్తుకుని తిప్పాను. ఏడ్చింది. పాడాను. ఇంకా ఏడ్చింది, అందులో తప్పేం లేదు. చేసేది లేక దుకాణంలోని మడత మంచాన్ని మిషను పక్కకు లాగి, పాపను పడుకోబెట్టి, స్కూలు యూనిఫారాలు కుట్టడం మొదలుపెట్టాను.

టక్కున ఏడుపు ఆగింది! రెప్పలు వాలాయి. నాకు ఒళ్లు పులకరించింది. మిషను ఆపాను. ఒక కన్ను తెరిచింది. తొక్కాను. మూసింది. ఇరవై ఏళ్లుగా ఆ మిషను నాదే అనుకుంటున్నాను!

అరగంటలో యూనిఫారాలు అయిపోయాయి. గుడ్డ లేకుండా తొక్కితే దారం చిక్కుపడుతుంది. దారం తియ్యాలంటే మిషను ఆపాలి. ఆపితే ఆ కన్ను తెరుచుకుంటుంది. అందుకని చేతికందిందల్లా సూది కింద పెట్టాను. డాక్టరుగారి కోటు జేబులు మూసుకుపోయాయి. బ్యాంకు మేనేజరుగారి ప్యాంటుకి కాళ్లు రెండూ ఒకటైపోయాయి. ఆ తర్వాత ఆ ప్యాంటుకి కలిపి కుట్టింది నా చొక్కా అంచు. ఆ సంగతి సూది విరిగాక గాని తెలియలేదు.

మిషను ఆగింది. పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. లేవబోతే మిషనులో ఇరుక్కున్న మేనేజరుగారి ప్యాంటు నన్ను కిందికి లాగింది.

మా ఆవిడ వచ్చింది. నన్ను చూసింది, ప్యాంటును చూసింది. పాప వైపు నడిచింది.

"ఎత్తుకో, ఎత్తుకో!" అన్నాను.

"ఉండండి."

కిటికీ తెర వేసింది. పాప గుండెల మీద అరచెయ్యి ఆనించి, మాటా పాటా లేకుండా అలాగే నిలబడింది. ఏడుపు మూలుగైంది. మూలుగు నిట్టూర్పైంది. అప్పుడు ఒక్కొక్క వేలే తీసింది. పాప కదల్లేదు.

గొంతు తగ్గించి, "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"మీ పక్కనే. మీరు గురక పెడుతుంటే."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పాప గుండెల మీద ఉంచింది.

"కదిలితే ఇలా వెయ్యండి. బరువు వెయ్యకండి. నేను లేచేదాకా ఇక్కడే ఉండండి," అని వెళ్లి పడుకుంది.

నా అరచేతి కింద ఆ చిన్ని ఊపిరి పైకి లేస్తూ, కిందికి దిగుతూ ఉంది. ఇంత గొప్ప యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు. మధ్యలో మేనేజరుగారు ప్యాంటు కోసం వచ్చారు. రేపు రమ్మని కళ్లతోనే వేడుకున్నాను. పాపను చూసి, ఆయన కూడా మునివేళ్ల మీదే వెళ్లిపోయారు.

మా ఆవిడ లేచి వచ్చేసరికి రెండున్నర గంటలు గడిచాయి. నలభై రోజుల తర్వాత ఆ ముఖంలో కళ చూశాను.

"పనితనం వచ్చేసింది మీకు. ఇక నుంచి రోజూ ఇదే టైముకి, సరేనా?" అంది.

తలూపాను. పాప లేస్తుందేమోనని, అదీ మెల్లగానే.