అన్నీ నా పేరు మీదే

మంగళవారం పొద్దున రవికాంత్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. తొమ్మిదికల్లా స్నానం, ఇస్త్రీ చొక్కా, పదకొండింటికి కంప్యూటర్లో మీటింగు, ఆ మీటింగులో టీమ్ లీడ్‌గా తన పేరు వినడం, విన్నాక "అయ్యో, నేనెందుకండీ" అని కాస్త మొహమాటపడడం. ఆ మొహమాటాన్ని అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేసుకున్నాడు. ప్లాన్‌లో లోపం లేదు. లోపమల్లా అదే ఇంట్లో, అదే కంపెనీలో, అదే టీములో పనిచేసే మనిషి ఇంకొకరు ఉండడం. ఆవిడ అతని భార్య హైమ.

కంపెనీ విశాఖలో. వారానికోసారి బస్సెక్కి వెళ్ళొస్తే చాలు, మిగతా రోజులు నర్సీపట్నంలోనే, బలిఘట్టం రోడ్డులో ఉన్న ఇంట్లో కూర్చుని పని. హాల్లో ఆయన, పడగ్గదిలో ఆవిడ. ఏటికొప్పాకలో లక్కబొమ్మలమ్మే మన్మథరావు గారికి ఆన్‌లైన్ కొట్టు కట్టిపెట్టడం ఈమధ్య వాళ్ళ చేతిలో పడ్డ పని. కొట్టు పోయిన వారమే తెరిచారు. బేరాలు బాగానే సాగుతున్నాయి.

స్నానానికి లేస్తూ రవికాంత్ ఫోను చూసుకున్నాడు. చూసుకోకుండా లేచి ఉంటే మనకీ కథ లేదు. టీము గ్రూపులో బాసు సోమసుందరం గారు రాత్రే ఓ మెసేజి పెట్టారు. మన్మథరావు గారి కొట్టులో పేమెంట్ పేజీ అద్భుతంగా వచ్చిందట, హైమగారి పనితనానికి ఆయన జోహార్లట. కింద ఆఫీసు ఆఫీసంతా చప్పట్ల బొమ్మలు పెట్టేసింది.

పేమెంట్ పేజీ హైమది కాదు. రవికాంత్‌ది. బ్యాంకు వాళ్ళతో నోరు నొప్పెట్టేలా మాట్లాడి, కళ్ళు కాయలు కాసేలా కూర్చుని రాసుకున్న పేజీ. దానికి చప్పట్లు పక్కగదిలో పడ్డాయి.

ఎలా పడ్డాయో చెప్పాలంటే గిట్ సంగతి కొంచెం చెప్పాలి. ఇలాంటి కంపెనీల్లో అందరూ రాసిన ప్రోగ్రాము ఒకే చోట చేరుతుంది. దాన్ని చూసుకునేదే గిట్. ఏ ముక్క ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో పేరుతో సహా దాచిపెడుతుంది. పాత రూపాల్ని కూడా పారెయ్యదు, కావాలంటే వెనక్కెళ్ళి ఏ నాటిదైనా తెచ్చుకోవచ్చు. ఎదురింటి పిన్నిగారికి కూడా అంత జ్ఞాపకశక్తి ఉండదు. కాకపోతే దానికి మనుషుల మొహాలు తెలియవు. ల్యాప్‌టాప్‌లో ఏ పేరు రాసిపెట్టి ఉంటే ఆ పేరే వేసుకుంటుంది. ఈ పని మొదలైన రోజే రవికాంత్ ల్యాప్‌టాప్ మీద చారు ఒలికింది. అది విశాఖకు రిపేరుకెళ్ళి అక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచీ అతను హైమ పాత ల్యాప్‌టాప్ మీద పనిచేస్తున్నాడు. అందులో ఉన్న పేరు మార్చుకోవాలని మహానుభావుడికి తోచలేదు. తను రాసిందీ హైమ పేరే, ఆవిడ రాసిందీ హైమ పేరే.

నిజం చెప్పాలంటే, రవికాంత్‌కు పెళ్ళాం మీద కుళ్ళు ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. ఆవిడకు జీతం తనకంటే ఎక్కువ పెరిగినప్పుడు వీధంతా స్వీట్లు పంచాడు గానీ, పంచుతూ ఒక్కటి నోట్లో వేసుకోలేదు. సొంత తల్లి శ్యామలాంబ మొదటి దోసె కోడలి పళ్ళెంలో వేస్తే, దోసె వంక కాకుండా పళ్ళెం వంక చూస్తాడు. శ్యామలాంబ బడిపంతులుగా రిటైరైన మనిషి కాబట్టి ఆవిడకు మొహాలు చదవడం వచ్చు.

"ఏటిరా, మొహం అలా పెట్టావు? పెళ్ళానికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదేటి?" అందావిడ చట్నీ వేస్తూ.

ఆ చట్నీ ఆ పూట అతనికి కారంగా లేదు, చప్పగా లేదు, ఏ రుచీ తెలియలేదు. పైగా బాల్కనీలోంచి హైమ మాటలు ముక్కలు ముక్కలుగా వినపడుతున్నాయి. సోమసుందరం గారితోనే ఫోను. "అవునండీ", "థాంక్సండీ", మధ్యలో ఓ నవ్వు. పొద్దున్నే ఫోను చేసి మరీ తన కష్టానికి చప్పట్లు కొట్టించుకుంటోందని రవికాంత్ తేల్చేసుకున్నాడు. దోసె సగంలో వదిలేసి లేచాడు. లీడ్ పదవి కూడా ఆ ఫోన్లోనే పోయిందనుకున్నాడు.

సోమసుందరం గారికి జరిగింది చెప్పేస్తే సరిపోయేది. కానీ మా ఆవిడ పేరు తీసి నా పేరు పెట్టండి అని ఏ మొహంతో అడుగుతాడు? అందుకని చడీచప్పుడు లేకుండా తనే దిద్దేద్దామని కూర్చున్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే మందు దొరికింది. గిట్‌లో ఓ పేరుతో ఉన్న మార్పులన్నిటినీ ఇంకో పేరు మీదకు తిప్పే చిట్కా. దాని కింద ఎర్రక్షరాలతో, టీములో అందర్నీ అడక్కుండా ఈ పని చెయ్యకండి అని రాసి ఉంది. బీడీకట్ట మీద హెచ్చరికను ఎంతమంది చదువుతారో దాన్నీ అంతే చదివాడు.

చిక్కేమిటంటే ఏది తనదో ఏది హైమదో ఒక్కొక్కటీ చూసి విడదియ్యాలి. ఏరుకుంటూ కూర్చుంటే మీటింగు టైమైపోతుంది. మొత్తం తన పేరు మీదకే తిప్పేశాడు. మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటి అని సర్దిచెప్పుకున్నాడు. అరగంట క్రితం ఆ నీదీ నాదీ దగ్గరే దోసె వదిలేసి లేచిన మనిషి.

మార్చినదాన్ని పైకి, అంటే అందరి పనీ చేరే చోటికి, పంపిస్తే గిట్ తీసుకోలేదు. అక్కడున్నదీ ఇదీ పొంతన లేవు, ముందు సరిచూసుకో అంది. గిట్‌లో బలవంతంగా తోసే సౌకర్యం కూడా ఒకటుంది. తోసేశాడు. తెర మీద పైనుంచి కిందదాకా రవికాంత్, రవికాంత్, రవికాంత్ అని కనపడింది. పెళ్ళి శుభలేఖలో కూడా అతని పేరు అంత అందంగా పడలేదు. చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటుండగా విశాఖ ఆఫీసు నుంచి టీములో చిన్నపిల్ల సాయిప్రియ ఫోన్ చేసింది.

"అన్నా, నా పని కలుపుదామని నొక్కితే అన్నీ రెండేసి వస్తున్నాయి. ప్రతి మార్పూ ఒకసారి హైమక్క పేరుతో, ఒకసారి మీ పేరుతో. ఏటైందన్నా?"

నీ నెట్టు సరిగ్గా ఉందా అని రవికాంత్ దబాయించాడు. నెట్టు బాగానే ఉందంది. సర్వర్ వాళ్ళు ఏదో కెలుకుతున్నట్టున్నారన్నాడు. అయితే సోమసుందరం గారికి చెప్తానంది. వద్దొద్దు, నేను చూస్తున్నా, బేగి అయిపోద్ది అని పెట్టేశాడు. ఇస్త్రీ చొక్కా అప్పటికే వీపుకు అంటుకుపోయింది.

చేసిందాన్ని వెనక్కి తిప్పాలి. నిన్న ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్తే చాలనుకున్నాడు. మార్పు చేసిన ప్రతిసారీ ఏం చేశామో ఓ ముక్క రాయడం గిట్‌లో పద్ధతి. హైమ, ఆర్డరు రద్దయితే డబ్బు వెనక్కెళ్ళేలా సరిచేశాను, అని వివరంగా రాస్తుంది. రవికాంత్ రాసేవి వేరు. ఫైనల్. ఫైనల్ రెండు. అసలు ఫైనల్. మళ్ళీ ఫైనల్. వాటిలో ఏది నిన్నటిదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. తేదీలు చూసే తీరిక లేక, ఇదే ఫైనల్ అని ఉన్నదాన్ని పట్టుకుని, గిట్‌ను అక్కడికి వెనక్కి లాగి, మళ్ళీ బలవంతంగా తోశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. ఇదే ఫైనల్ అని అతను రాసుకున్నది పని మొదలైన మొదటి వారంలో.

గిట్‌లో పైన ఏది ఉంటే మన్మథరావు గారి కొట్టులో జనానికి అదే కనిపిస్తుంది. మొదటి వారానికి పేమెంట్ పేజీయే పుట్టలేదు. అప్పుడున్నవల్లా కొట్టు ఎలా కనపడుతుందో చూసుకోవడానికి పెట్టిన ఉత్తుత్తి బొమ్మలు, కింద మన్మథరావు గారి ఫోను నంబరు. ఆ బొమ్మల్లో ఒకటి హైమ సరదాకి పెట్టింది. తలూపే బొమ్మ. దాని పేరు సోమసుందరం. వివరణ: 'ఏం చెప్పినా తల ఊపుతుంది. పని మాత్రం జరగదు.' ఆరోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. మర్నాడే హైమ దాన్ని తీసేసింది. 'ఇదే ఫైనల్' మాత్రం ఆ నవ్వుకున్న రోజుదే.

పదకొండయింది. తెర మీద అందరూ గళ్ళు గళ్ళుగా ప్రత్యక్షమయ్యారు. సోమసుందరం గారు మంచి మనిషి, ఎవరేం చెప్పినా తలూపుతూ వింటారు. ఆయన పక్కగడిలో, పిలవకపోయినా, మన్మథరావు గారు ఉన్నారు. ఫోన్లు తట్టుకోలేక తనే మీటింగులో చేరారట.

"అయ్యా, నమస్కారం. ఇందాకట్నుంచి ఫోన్లు ఆగనేదు. అందరూ సోమసుందరం బొమ్మ కావాలంటన్నారు. నాకాడ అలాటి బొమ్మ నేదు. సేయించీమంటే సేయిత్తాను గానీ, దానికి ఏ రంగెయ్యాలో సెప్పండి."

సోమసుందరం గారు అలవాటు కొద్దీ తలూపారు. తర్వాత ఊపడం ఆపారు. కొట్టు తెరిచి చూశారు, వివరణ చదివారు, గిట్‌లోకి వెళ్ళి అది రాసిందెవరో వెతికారు.

"రవికాంత్ గారూ, ఇది మీరు రాసినట్టు చూపిస్తోందండి," అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే రవికాంత్‌కు భయం వేసింది.

నేను కాదు, హైమ, అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. హైమ రాసింది నీ పేరు మీదకెలా వచ్చిందని అడిగితే? రవికాంత్ తేలు కుట్టిన దొంగలా హైమ గడి వైపు చూశాడు. ఆవిడ కూడా గిట్‌నే చూస్తోంది. ముందు కనుబొమలు ముడిపడ్డాయి. పైనుంచి కిందదాకా తన పేరు ఒక్కచోటా లేకపోవడం చూసింది, మొగుడి చొక్కా చెమటను చూసింది. కనుబొమలు విడిపోయాయి.

ముందు కొట్టు సంగతి చూద్దామంది హైమ. గిట్‌లో ఉన్న మేలేమిటంటే దాని కాపీ మొత్తం అందరి ల్యాప్‌టాపుల్లోనూ ఉంటుంది. రాత్రి వరకూ జరిగిందంతా ఆవిడ దగ్గర చెక్కు చెదరకుండా ఉంది. ఇప్పుడు బలవంతంగా తొయ్యక తప్పదని టీములో అందరికీ చెప్పి, అందరిచేతా సరే అనిపించుకుని తోసింది. ఉత్తుత్తి బొమ్మలు మాయమయ్యాయి. పేమెంట్ పేజీ తిరిగొచ్చింది. దాంతోపాటే పాత పేర్లూ తిరిగొచ్చాయి.

రవికాంత్‌కు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు గిట్‌లో ఉన్నది అసలు చరిత్ర. అందులో ఆ బొమ్మ ఎవరి పేరు మీద ఉంటుందో అతనికి తెలుసు. పెళ్ళామన్న జాలి ఓ పక్క లాగింది గానీ, లీడ్ పదవి రెండో పక్క లాగింది.

"సార్, ఇప్పుడోసారి చూడండి, ఆ బొమ్మ ఎవరి పేరు మీద ఉందో," అన్నాడు.

సోమసుందరం గారు చూశారు.

"హైమగారి పేరే ఉందండి. కానీ ఆవిడ పొద్దున్నే నాకు ఫోన్ చేసి చెప్పారు. ఈ పనిలో తన పేరుతో కనపడేదంతా నిజానికి మీరు రాసిందేనట. ల్యాప్‌టాప్ తనది కాబట్టి పేరు అలా పడిందట. చప్పట్లు మీకే చెందాలన్నారు, లీడ్ మీకే ఇమ్మన్నారు. ఇద్దామనే నేనీ మీటింగు పెట్టాను."

బాల్కనీలో ఆవిడ నవ్విన నవ్వు తనకోసమన్నమాట. దోసె వదిలేసి తను కుళ్ళుకున్నంతసేపూ ఆవిడ తనకోసం మాట్లాడింది. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చినంత పనయింది. అయినా పదవి మీద ఆశ చావక, అది నువ్వే రాశావని చెప్పు తల్లీ అన్నట్టు దీనంగా ఆవిడ గడి వైపు చూశాడు.

"పొద్దున నేను చెప్పిన మాట మీదే ఉన్నానండీ," అంది హైమ.

మిగతాది తొందరగానే అయిపోయింది. పాడైన కొట్టును అందరి కళ్ళముందే నిలబెట్టింది కాబట్టి లీడ్ హైమకిచ్చారు. ఆవిడ, అయ్యో నేనెందుకండీ, అని కాస్త మొహమాటపడింది. ఏ ప్రాక్టీసూ లేకుండానే చాలా సహజంగా వచ్చింది. ఆ సహజత్వం చూసి రవికాంత్‌కు మళ్ళీ ఒళ్ళు మండింది.

మీటింగయ్యాక హాల్లోకొచ్చి ఎదురుగా కూర్చుంది. కొట్టలేదు, తిట్టలేదు.

"ఆ బొమ్మ పెట్టింది నువ్వేగా?" అన్నాడు రవికాంత్ నేల చూస్తూ.

"నేనే. పేమెంట్ పేజీ రాసింది మీరేగా. అందుకే పొద్దున్నే లేచి ఆయనకు ఫోన్ చేశాను. పేరు కావాలంటే నన్నడగొచ్చు కదండీ, తీసి ఇచ్చేదాన్ని."

రవికాంత్‌కు సిగ్గుతో తల వాలిపోయింది. వాలిన తలలో కూడా, ఇంత జరిగాక ఈవిడ ఇంత నెమ్మదిగా ఎలా మాట్లాడగలుగుతోందని ఓ పిసరు అసూయ ఉండనే ఉంది. క్షమించమన్నాడు. ఆవిడ ఆలోచిస్తానంది.

లీడ్‌గా హైమ చేసిన మొదటి పని గిట్‌లో బలవంతంగా తోసే హక్కు తీసెయ్యడం. రెండోది, ఇకమీదట రవికాంత్ ఏ చిన్న మార్పు చేసినా హైమ చూసి, సరే అంటేనే అది కలిసేలా పెట్టడం. ఆఫీసులో ఈ పద్ధతి కొత్తే గానీ, ఇంట్లో పెళ్ళయిన దగ్గర్నుంచీ అమల్లో ఉన్నదే.