గులాబీల క్యాసెట్టు

డోరీన్ గొంతు పోయింది ఒక శనివారం నాడు. డోరీన్ పోయి అప్పటికి పదకొండు నెలలైంది.

ఆ ఉదయం నార్మన్ హెబ్డెన్ పెట్టుకున్న పని చిన్నది. చర్చిలో పాత వస్తువుల అమ్మకం ఉంది. భార్య డోరీన్ చలికోట్లు సంచీలో సర్ది గుమ్మం దగ్గర పెడితే పక్కింటి ఐరిస్ వచ్చి తీసుకెళ్తుంది. షెఫీల్డు బడిలో ముప్ఫై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైన మనిషి ఆయన. చెప్పినట్టే సర్ది, చెప్పినచోటే పెట్టి, టీ కాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లాడు. ఐరిస్ కోట్ల సంచీతో పాటు దాని పక్కనున్న అల్లిక సంచీ కూడా పట్టుకుపోయింది. అందులో ఊలు ఉండలు, ఒక చెయ్యి మాత్రమే అల్లిన స్వెటరు, ఒక క్యాసెట్టు ఉన్నాయి.

క్యాసెట్టు మీద డోరీన్ చేతిరాతతో "గులాబీ కొమ్మల కత్తిరింపు, అక్టోబరు 1978" అని ఉంటుంది. లోపల గులాబీలు లేవు. ఆ సాయంత్రం పబ్బు యజమాని మేడ మీద గదిని గులాబీల సంఘం ఉపన్యాసానికీ, పేపర్ లాడ్జర్స్ అనే కుర్రకారు న్యూ వేవ్ రాక్ బ్యాండుకీ ఒకేసారి ఇచ్చేశాడు. సంఘంలో మిగతావాళ్లు ముందే తెలిసి మానేశారు. తెలియని హెబ్డెన్ దంపతులు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఉపన్యాసం రికార్డు చేద్దామని డోరీన్ ఒళ్లో టేపురికార్డరు పెట్టుకుంది. మొదటి పాటకే విషయం అర్థమైంది గానీ, మధ్యలో లేచి వెళ్తే వాయించేవాళ్లు చిన్నబుచ్చుకుంటారని కదల్లేదు. పాటకూ పాటకూ మధ్య డోరీన్ మాట్లాడింది.

"ఆ గిటారు పిల్లాడికి ఇంట్లో తిండి పెట్టరా?" "గ్యాసు కట్టేశావా?" "తల ఊపితే కాదు, సరిగ్గా చెప్పు."

ఆమె గొంతు ప్రపంచంలో మిగిలింది అక్కడొక్కచోటే. ప్రతి ఆదివారం నార్మన్ ఆ మాటలు వినేవాడు. పాటలు వచ్చినంతసేపూ ఓపిగ్గా కూర్చునేవాడు.

సంచీ లేదని గమనించి చర్చికి పరుగెత్తేసరికి బల్ల ముందు పాతికమంది వరసలో ఉన్నారు. బల్ల మీద సంచీ కనిపిస్తూనే ఉంది. నేరుగా వెళ్లి "అది మాది" అనవచ్చు. కానీ వరస తప్పడం ఆయన ఎరగడు. వెళ్లి చివర నిలబడ్డాడు. వెనకాల చేతికర్రతో ఒక ముసలావిడ వచ్చింది.

"మీరు ముందు వెళ్లండమ్మా."

"బంగారం లాంటివాడివి, నాయనా."

ఆవిడ ముందుకెళ్లి అల్లిక సంచీ కొనుక్కుంది. ఎలా అడగాలా అని నార్మన్ మాటలు కూర్చుకునేలోగా ఆవిడ బస్సు వచ్చింది.

"నోరు లేదా నీకు?" అంది ఐరిస్. "నేనంటే చూసుకోకుండా తెచ్చాను. 'అది మా ఆవిడది' అనడానికి నీకేమైంది?"

"అప్పటికే భుజానికి తగిలించుకుంది, ఐరిస్."

"అయితే?"

"సంతోషంగా కనిపించింది."

ఐరిస్ ఆయన్ని కూర్చోబెట్టి చర్చి బోర్డుకు ప్రకటన రాయించింది. మొదటి ప్రతిలో భార్య మాట ఉంది. పేకాట పోటీకీ బృందగానం వేళలకూ మధ్య దుఃఖాన్ని వేలాడదీయడం బాగుండదని కొట్టేశాడు. నాలుగో ప్రతిలో మిగిలింది ఇది: "పోయింది: గులాబీల క్యాసెట్టు. లోపల గులాబీలు ఉండవు. పేపర్ లాడ్జర్స్ మొదటి కచేరీ, 1978. నాకు చాలా విలువైనది. హెబ్డెన్."

ఒక్క అబద్ధం లేదు. మంగళవారానికి కీత్ గార్‌సైడ్ తలుపు కొట్టాడు. యాభైకి దగ్గర పడిన కీత్ ఆయన పాత విద్యార్థి, ఆ బ్యాండు అభిమాన సంఘానికి కార్యదర్శి. మొదటి కచేరీ టేపు ఉందని వాళ్లు పాతికేళ్లుగా కలలో కూడా అనుకోలేదు.

"సార్! నదులు తప్ప ఇంకో మాట ఎత్తని మీరా? మొదటి కచేరీలోనా?"

"అది కొంచెం వేరే సంగతి, కీత్."

"చాల్లెండి సార్, మీ వినయం!"

వారంలో ఊరి పత్రికలో ఆయన ఫోటో పడింది. రెండో వారం ఆయన్ని గౌరవాధ్యక్షుణ్ణి చేసి నల్ల టీషర్టు ఇచ్చారు. లీడ్సు నుంచి నలుగురొచ్చారు. బెల్జియం నుంచి ఒకాయన వచ్చి, టీలో బిస్కెట్టు ముంచుకుంటూ, ఏ పాట ఎక్కువ ఇష్టమని అడిగాడు.

"పాటల మధ్య భాగం" అన్నాడు నార్మన్, నిజాయితీగా.

బెల్జియం ఆయన ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ పత్రిక చూసి, సంచీ కొన్న ముసలావిడ క్యాసెట్టును అందులో పేరు పడిన కీత్‌కి అందజేసింది.

"దొరికింది సార్!" అన్నాడు కీత్ ఫోనులో. "ఇప్పుడే ఇవ్వను. మీకు తగ్గట్టు తయారుచేసి ఇస్తా, ఆరు వారాలు ఆగండి."

"ఎలా ఉందో అలాగే…"

"శ్రమ అనుకోకండి సార్!"

నార్మన్ థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశాడు.

ఆరు వారాలకు అదే పబ్బు మేడ మీద ఎనభైమంది పోగయ్యారు. కీత్ చేతుల మీదుగా ఆయనకొక మెరిసే డిస్కు ఇచ్చి, పాట పెట్టారు. మొదటి పాట అయింది. నార్మన్ డోరీన్ మాట కోసం చెవి ఒగ్గాడు. రెండో పాట మొదలైంది.

కీత్ చెవి దగ్గరికి వంగాడు. "గమనించారా సార్? ఒక్క చప్పుడు లేదు. పక్కనే ఎవరో ఆడమనిషి, నోరు మూస్తే ఒట్టు! గ్యాసు కట్టేశావా అట! పదిహేడు చోట్ల ఉంది. ఒక్కొక్కటీ ఏరి తీసేశా, జాడ కూడా లేకుండా."

ఎనభైమంది ఆయన ముఖం వైపే చూస్తున్నారు. కీత్ కళ్లలో నీళ్లున్నాయి.

"చాలా బాగుంది, కీత్" అన్నాడు నార్మన్. "చాలా శ్రద్ధగా చేశావు."

చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి నుంచి ఆయన ఒక ఉత్తరం రాస్తున్నాడు. "ప్రియమైన కీత్" దాకా బాగా వచ్చింది. అసలు క్యాసెట్టు ఎక్కడుందని, తీసేసిన మాటలు ఏం చేశావని మాత్రం ఇంకా అడగలేదు.