కరచాలనము కడప చేరిన వైనము

పార్టీ జెండాలు పైరులకన్న వేగముగా రంగు మారుచున్న కాలమున, పెన్నలో నీటికి బదులు ఎండ పారుచున్న మాసమున, కనకవస్త్రవాణిజ్యవిఖ్యాతమైన ప్రొద్దుటూరు పురవరమందు, ఒక మిద్దెమీది కంప్యూటర్ ఆఫీసులో జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను, ఆలకింపుడు.

జమ్మలమడుగు సుంకిరెడ్డి, పులివెందుల మద్దిలేటిరెడ్డి అను ప్రచండభుజదండులిద్దరు, తాతలనాటి కక్షచే ఒకరి వీధిలో ఒకరు అడుగిడనివారు, ఒకే పార్టీలో చేరవలసివచ్చి ఆనాటి మధ్యాహ్నము అచ్చట చేతులు కలిపిరి. ముందు చేయి చాచువాడెవ్వడన్న వివాదమే ఏండ్ల తరబడి నడిచియుండెను. ఛాయాగ్రాహకుడైన జిలానీ కేకవేయగా ఇరువురును ఒక్కమారే చాచిరి. ఆ రెప్పపాటును అతడు కెమెరాలో బంధించెను. ఆ చిత్రము మరునాటి పత్రికలో రానిచో ఇద్దరికిని టికెట్టు లేదని పార్టీ పెద్దల శాసనము.

దానిని కడపలోని పత్రిక సర్వరుకు పంపు భారము విమలది. చర్చి ఉపదేశి ఏలీయాగారి కూతురైన ఆ ధీరవనిత రచించిన ప్రోగ్రాము, వార్తను లేఖగాను, చిత్రమును దానికి జోడించిన మూటగాను కట్టి, ఒకట్లసున్నల అక్షౌహిణిని ఈ సర్వరునుండి ఆ సర్వరుకు తానే నడిపించును. విమల మీట నొక్కెను. "అందినది" అని బదులు వచ్చెను. అంతలో ఫోను మ్రోగెను. పత్రికనుండి ఉపసంపాదకుడు ఆదినారాయణ!

"ఏందమ్మా ఈ ఫోటో? మొగాలుండాయి, మెడకాడ్నించి కిందంతా బూడిద రంగే. చేతులు యాడ?"

స్పీకరులోనుండి వెలువడిన ఆ పలుకు విని సుంకిరెడ్డి సింహమువలె లేచెను.

"నా చెయ్యి యాడ? ఊర్లకూర్లు దండం పెట్టిన చెయ్యి! ఎవురు తీసేసినారు దాన్ని?"

"నీ చెయ్యి ఒక్కటేనా? నాది గూడా పాయ," అని మద్దిలేటిరెడ్డి గర్జించెను. "ఇది నీ మనుషుల పనే!"

ఆ కేకలు కిటికీ దాటి, ఇరువురి అనుచరులును జీపులలో కాచియున్న వీధికి దిగెను. 'రెడ్డి చెయ్యి తీసేసినారంట' అను మాట జీపునుండి జీపునకు దుమికెను. ఇంజన్లు మొరసెను. బంగారు అంగళ్ల షట్టర్లు దడదడ జారెను.

"ఇంగొక్కతూరి చేతులు కలిపితే..." అని జిలానీ నసిగెను.

"రెండోతూరి చెయ్యి లెయ్యదు!" అని శత్రువులిద్దరును ఏకకంఠముతో పలికిరి.

"పొద్దుగూకితే పేజీ మూసేస్తాం," అని ఆదినారాయణ ఫోనులో హెచ్చరించెను. "ఇంకే దారిన పంపినా మా పేజీలోకి పోదు."

విమల మరల పంపెను. మరల బూడిదయే. పరీక్షార్థము తన చిన్న పాస్‌పోర్టు ఫోటోను పంపెను. అది చెక్కుచెదరక చేరెను. చిన్నది చేరి పెద్దది చేరకుండుటేమి? చెమట తుడుచుకొని, తాను రాసిన కోడ్ అను కీకారణ్యమున ప్రవేశించి, వరుసవరుసను గాలించుచు పోగా, శత్రువు కానవచ్చెను. చిత్రమంత పెద్ద పెట్టెను సిద్ధపరచిన ఆ ప్రోగ్రాము, ఫైలునుండి ఒక్కసారి మాత్రమే తోడి, వచ్చినంత పోసి, తక్కిన చోట సున్నలనే ఉంచి, పెట్టె నిండినదనుకొని పంపుచుండెను!

బల్లకు అటొకరు ఇటొకరు మీసములు దువ్వుచుండగా, విమల లేచి నిలబడెను.

"అయ్యా, ఎవురి మనుషులూ దీన్ని ముట్టలేదు. తప్పు నాదే. ఫైలు అయిపోయేదాకా చదవమని నేను రాయలేదు."

రెడ్లిద్దరును మీసములనుండి చేతులు దించిరి.

"తప్పు నాదే," అని మద్దిలేటిరెడ్డి ఆ మాటను నోటిలో వేసికొని రుచి చూచినట్లు పలికెను. "ఈ మాట మన పక్క ఎవురి నోట్లోనన్నా ఇన్యావా, సుంకిరెడ్డీ?"

"ఇన్లే," అని సుంకిరెడ్డి చల్లబడెను. పిమ్మట మిద్దె అంచునకు పోయి రెండు చేతులును ఆకాశమున కెత్తి, "ఇంజన్లు ఆపండ్రా! చేతులు రెండూ ఉండాయి నాకు!" అని అరచెను. వీధి నెమ్మదించెను.

విమల, ఫైలు తుదముట్టువరకు తోడుచునే యుండుమని ప్రోగ్రామును శాసించి, "ప్రభువా" అని మీట నొక్కెను. పడమట ఎండ పసుపుబారెను. ఫోను మ్రోగెను.

"వచ్చినాయమ్మా," అనెను ఆదినారాయణ. "పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే వచ్చినాయి."

జిలానీ గంతువేసెను. రెడ్లిద్దరును తలుపువద్ద ముందెవ్వరన్న సంశయమున క్షణము నిలిచి, భుజములు ఒరసికొనుచు ఒక్కమారే బయటపడిరి.

ఇట్లు సకలవిఘ్నములను గెలిచి, రెండు అరచేతులును, ఒక గడియారపు పట్టీయు, మద్దిలేటిరెడ్డిగారి చొక్కా క్రింది గుండీలును, ఒక్క సున్నయు దారిలో జారక, క్షేమముగా కడప చేరెను. జయము! జయము!