ఏకగ్రీవంగా ఎగిరిన గుండు

"ఐదు వందల మీటర్ల దూరాన గురి కొట్టి న్యూజిలాండ్ రాజకీయాల్లో అడుగు పెడుతున్నాను" అని మధుసూదనరావు గారు రిక్కార్టన్ హాల్లో ప్రకటించేసరికి పకోడీలు ఇంకా వేగుతూనే ఉన్నాయి. రెండు వేల ఐదు ఎన్నికల ముందు సంగతి. అక్కడి తెలుగు సంఘానికి తొమ్మిదేళ్లుగా ఆయనే అధ్యక్షులు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో సభ్యులకి ఒకరు చెప్పనక్కర్లేదు.

పార్టీ జిల్లా పెద్ద గ్రాహమ్ మాట ఇచ్చాడట. "మా రైతులంతా వేటగాళ్లు. శనివారం నా పొలంలో ఇనప పలక పెడతాను. కొట్టావా, మా పార్టీ అభ్యర్థుల లిస్టులో నీ పేరు ఖాయం."

లిస్టులో ఆ చోటు మీద ఆయనకన్నా ఆయన భార్య నాగమణికే ఆశ ఎక్కువ. రిటైరైన దగ్గర్నుంచి ఆయన ఆవిడ వంటింటికే అధ్యక్షత వహిస్తున్నారు. మొన్న చారులో ఉప్పు మీద సబ్‌కమిటీ వేశారు. పార్లమెంటు ఆయన్ని పట్టుకుపోతే గానీ ఆ ఇల్లు తెరిపిన పడదు.

దూరం పోయేకొద్దీ గుండు కిందికి దిగుతుంది. ఎంత దిగుతుందో అంత పైకి గురిపెట్టాలి. తూటాల పెట్టె మీద అచ్చేసిన వేగాన్ని కంప్యూటర్లో వేసి, సంఘంలోని ఇంజినీరు కుర్రాడు శ్రవణ్ లెక్క తీశాడు. నూట అరవై ఐదు సెంటీమీటర్లు.

"అంకుల్, ఇది పెట్టె చెప్పిన మాట. మీ తుపాకీ ఏమంటుందో చూడాలిగా. వేగం కొలిచే మిషన్ నా దగ్గరుంది. షూటింగ్ రేంజికెళ్లి కొలుద్దాం, ఐదొందల మీటర్ల నుంచి కాల్చి సరిచూద్దాం."

"వెరిఫికేషనే కదా! కార్యవర్గాన్ని పిలు" అన్నారు రావుగారు.

కార్యవర్గం రావుగారింట్లోనే కూర్చుంది. కాగితం చూసి కార్యదర్శి శేషయ్య లేచి నిలబడ్డాడు.

"మన అధ్యక్షులవారి గుండు నూట అరవై ఐదు సెంటీమీటర్లు దిగజారడమా? నా కంఠంలో ప్రాణం ఉండగా ఒప్పుకోను!"

"లేడీస్ వింగ్ తరఫున నూట పది చాలంటున్నా" అంది రాజేశ్వరమ్మ.

"నా కోసం కాదు, సంఘం పరువు కోసం సరేనంటున్నాను" అన్నారు రావుగారు, కళ్లు తుడుచుకుంటూ.

నూట పది ఏకగ్రీవంగా నెగ్గింది. శ్రవణ్ ఒక్కడూ సంతకం పెట్టలేదు. ఏకగ్రీవానికి అది అడ్డం కాదని శేషయ్య తేల్చాడు.

"ఈ తీర్మానం గుండుకి ఎవరు చెప్తారండీ?" అంది నాగమణి.

"మినిట్స్‌లో రాశాంగా!" అన్నాడు శేషయ్య.

శనివారం పొలంలో రావుగారు దుప్పటి మీద బోర్లా పడుకుని, నూట పదికి గురిపెట్టి కాల్చారు. పలక కింద బురద లేచింది. రెండోసారీ అక్కడే. మూడోసారీ అక్కడే.

"మూడూ ఒకే చోట! నిలకడంటే అదీ!" అని శేషయ్య చప్పట్లు కొట్టాడు.

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాగమణికి తన వంటిల్లూ, తన చారూ, రేపటి మీటింగూ కళ్లముందు తిరిగాయి.

"ఏమైంది?" అన్నాడు గ్రాహమ్.

రావుగారు దుమ్ము దులుపుకుని తీర్మానం కాగితం అందించారు. "మా లెక్క తప్పలేదు. ఆ పలక ఎత్తు మీద మీ దగ్గర తీర్మానం ఉందా?"

గ్రాహమ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. పక్క రైతుకి ఇచ్చాడు.

"గుండు తగల్లేదని మీలో ఎవరైనా బయట చెప్తారా?" అని సంఘం వాళ్లని అడిగాడు.

"మేమా?" అని శేషయ్య నొచ్చుకున్నాడు.

గ్రాహమ్ టోపీ తీశాడు. "వెల్లింగ్‌టన్ పార్లమెంటుకి పంపడానికి ఇలాంటి మనిషి కోసమే ఇన్నేళ్లుగా వెతుకుతున్నాం." రైతులందరి చేతులూ లేచాయి.

నాగమణి ఆనందం పట్టలేక పులిహోర డబ్బా మూత తీసి, దొరికిన ప్రతి చేతిలోనూ గరిటెడు పెట్టింది. అటు రావుగారు గొర్రెల కంచె పక్కన నిలబడి కృతజ్ఞతా ప్రసంగం మొదలుపెట్టారు. ఇటు గ్రాహమ్ పులిహోర నములుతూ శ్రవణ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"రేపు జింకల వేటకి వెళ్తున్నాం. వేగం కొలిచే మిషన్ నీ దగ్గరుందటగా, పట్టుకుని పొద్దున్నే రా. మా అభ్యర్థికి మాత్రం చెప్పకు. తుపాకీ తెస్తాడు."